శివారు ఆయకట్టు

లొల్ల లాకుల దగ్గర లస్కర్ని నేను.
పొద్దున్నే గేజీ చూసి
అడుగులూ అంగుళాలూ పుస్తకంలో ఎక్కిస్తాను.
పద్దెనిమిదేళ్ళుగా అదే పని.
అయినా కాకినాడలో ఆ తెర మీద
ఎరుపూ నీలమూ కలిసి సుడి తిరుగుతుంటే
నాకేం అర్థం కాలేదు.

డాక్టరు శ్యామసుందరి గారు కాగితం తిప్పి
నాలుగు గదులు గీశారు.
గోడలు కలవాల్సిన నట్టనడుమ ఖాళీ వదిలారు.
"ఒళ్ళంతటికీ పోవాల్సిన నెత్తురు
ఇందులోంచి ఊపిరితిత్తుల మీదికి ఎగబడుతోంది.
అక్కడి సన్న నాళాలు ఆ తోపుడికి
గోడలు మందం చేసుకుంటున్నాయి."

అప్పుడు తెలిసిందండి.
పెద్దకాలువ తెచ్చి బోదెలోకి తోస్తే
ఏమవుతుందో నాకొకరు చెప్పాలా!

"అయితే ఆ తూము మూసెయ్యండమ్మా" అన్నాను.
ఆవిడ నా వంక చాలాసేపు చూశారు.
"బోదెలు ఇప్పటికే బిగుసుకుపోయుంటే
మూశాక నీళ్ళెటు పోతాయి?"

నోరు పెగల్లేదు.
పోటు మీదున్నప్పుడు షట్టరు ఒక్కసారి దించకూడదని
కొత్త కుర్రాళ్ళకి నేర్పేది నేనే.

మా సువార్తకి పధ్నాలుగు నెలలు.
అరచేతిలో ఒకటే గీత, అడ్డంగా, గట్టులా.
మెడ పదో నెలకి నిలబడింది.
పాలు తాగుతూ తాగుతూ ఆగిపోయేది, నుదురంతా చెమట.
ఏడిస్తే పెదాలు నేరేడు పళ్ళు తిన్నట్టు.
"ఈ పిల్లలింతే" అని రాజమండ్రిలో ఒకాయన
గుండె మీద గొట్టమైనా పెట్టకుండా పంపేశాడు.
అయిదు నెలలు పోయాయి.
ఆ అయిదు నెలలు ఏ పుస్తకంలో రాసుకోను?

రావులపాలెం మందుల షాపులో కుర్రాడు
చీటీ చూసి పక్కవాడికి చూపించాడు.
"ఎవరికి బాబాయ్, నీకేనా?"
ఇద్దరూ నవ్వారు.
చీటీ మీద వయసు దగ్గర వేలు పెట్టాను.
మోటారు కట్టేసినట్టు ఆగింది నవ్వు.
మగాళ్ళు చాటుగా కొనుక్కునే బిళ్ళ
మా పిల్ల ఊపిరి దారి వెడల్పు చేస్తుందట.

డాక్టరమ్మ లెక్క ప్రకారం పొట్లాలు.
ఆరింటికి, రెండింటికి, రాత్రి పదింటికి.
దీవెనమ్మ చెమ్చాలో కలుపుతుంది,
సువార్త సగం ఉమ్మేసి
నాలిక బయటపెట్టి నవ్వుతుంది.
కరెంటు పోతే ఆక్సిజన్ మిషను మూగబోతుంది.
చర్చి జనరేటరు నుంచి తీగ లాగేదాకా
ముగ్గురి ఊపిరీ నేనే లెక్కపెడతాను.

"ఇలాంటి పిల్లకి ఇంత ఖర్చెందుకురా ఏసుపాదం?"
మేనత్త అంది, ప్రేమగానే.
అత్తా, ఎగువ రైతులూ అదే అంటారు
శివారు చేలకి నీళ్ళెందుకని.
రాత్రుళ్ళు కర్ర పట్టుకుని గట్టు మీద నడిచి
వంతు అక్కడిదాకా తీసుకెళ్ళినవాణ్ణి.
శివారు కూడా ఆయకట్టే.

మొన్న తొడలోంచి సన్న గొట్టం పంపి
గుండె లోపల ఒత్తిడి కొలిచారు,
ముందు మామూలు గాలికి,
తర్వాత ఆక్సిజన్ పెట్టి.
అద్దం ఇవతల నేను.
లోపల్నించి డాక్టరమ్మ
బొటనవేలు కిందికి చూపించారు.
గోడ పట్టుకుని కూలబడ్డాను.
ఆవిడే బయటికి పరిగెత్తుకొచ్చారు:
"దిగిందయ్యా! ఒత్తిడి దిగింది. ఇంకా వేళ మించలేదు."

ఏప్రిల్ నెలాఖరుకి కాలువలు కట్టేస్తాం.
నీళ్ళాగితేనే కదా లాకు తలుపులకి మరమ్మతు.
సువార్త గుండెనీ కాసేపు ఆపుతారట,
నెత్తురు మిషనులోంచి తిప్పుతూ.
కుట్టాక మొదటి రాత్రుల్లో
నాళాలు ఉన్నట్టుండి బిగుసుకోవచ్చట.
"గ్యారంటీ ఇవ్వలేం" అన్నారు.
నేను మాత్రం ఏ రైతుకిచ్చాను?

జూన్‌లో నీళ్ళొదిలే తేదీ
ఆఫీసు గోడ మీద రాసేశారు.

రాత్రి పది. పొట్లం విప్పాను.
సువార్త నా చూపుడువేలు గుప్పిట పట్టి
షట్టరు చక్రంలా తిప్పుతోంది,
ఎటు మూతో, ఎటు తెరుపో
తెలీకుండా.